షోఫర్ గారి కత్తెర

పిస్కాటవేలో మాస్టర్స్ చదివే రోజుల్లో మాకు భయమంటే తెలియదు. తెలుసుకునే తీరిక ఉండేది కాదు. అసైన్‌మెంట్ల మధ్య కాస్త సందు దొరికితే చాలు, నేను సినిమాల వెంట పడేదాన్ని. అందుకే ట్యునీషియా నుంచి ఒక పెద్దావిడ, పేరున్న దర్శకురాలు, తన కొత్త సినిమాతో మా యూనివర్సిటీకి వస్తున్నారని తెలియగానే వాలంటీర్‌గా చేరిపోయి, నా రూమ్మేట్ వరంగల్ అక్కని కూడా లాక్కెళ్లాను. అమెరికాలో ఆ సినిమాకి అదే మొదటి షో. హాలు కిటకిటలాడిపోతోంది. నాకు అప్పగించింది స్టేజీ మీద కుర్చీలు వేసే పని (ఆవిడ కూర్చోబోయే కుర్చీని తుడిచిందే తుడిచాను).

సినిమాకి ముందు ఆవిడ తన జీవితం గురించి మాట్లాడాలి. ఇంగ్లీషు వింటే అర్థమవుతుందట గానీ, మాట్లాడటానికి మొహమాటమట. ఆవిడ ఫ్రెంచ్‌ని ఇంగ్లీషులో చెప్పాల్సినాయన మంచుకి హైవే మీద ఇరుక్కుపోయారు. ప్రొఫెసర్ గారు బిక్కమొహం వేసుకుని, "ఎవరికైనా ఫ్రెంచ్ వచ్చా?" అని అడిగారు. మా అక్క నా చెయ్యి పట్టుకుని పైకెత్తేసింది. "ఇంటర్ల నీ సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచే గదనే! మస్తు మార్కులొచ్చినయని నువ్వే చెప్పినవ్. పో, స్టేజ్ ఎక్కు!" (మార్కులు వచ్చిన మాట నిజమే. ఫ్రెంచే రాలేదు.)

తెల్లజుట్టు, ఎర్ర శాలువా, చేతిలో మైకు. ఆవిడ మొదలుపెట్టారు. నాన్నగారు 'షోఫర్' అన్నట్టు వినిపించింది. హమ్మయ్య, తెలిసిన మాట! "వాళ్ల నాన్నగారు డ్రైవర్" అన్నాను. చిన్నప్పుడు ఆయన సీట్లో కూర్చుని, ఎదురుగా ఉన్న అద్దంలో, రోడ్డుకి అవతల ఆరుబయట ఆడే సినిమాలు చూసేవారట. కారు అద్దంలో సినిమా! హాలంతా మురిసిపోయింది. నాకు రెక్కలొచ్చాయి. ఊళ్లో ఎంత పెద్దవాడైనా ఆయన ముందు తల వంచాల్సిందేనట. అదీ చెప్పేశాను. ఎడిటింగ్ మొదట నేర్చుకున్నది నాన్నగారు కత్తెర ఆడించడం చూసేనట. (డ్రైవర్‌కి కత్తెరెందుకో అనిపించింది. ఆగితే కదా!) ఆ తర్వాతి వాక్యాన్నీ అదే ఊపులో చెప్పేశాను: "ఒకరోజు వాళ్ల నాన్నగారు పోలీసు అధికారి చెవి కోసేశారు."

హాలు గతుక్కుమంది. ముందు వరసలో ఒకావిడ "ఓ మై గాడ్!" అన్నారు. దర్శకురాలు గారు మాత్రం శాలువాలో మొహం దాచుకుని నవ్వుతున్నారు. లేచి వచ్చి, రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తూ నా జడ చివర కత్తిరిస్తున్నట్టు నటించారు. అప్పుడు వెలిగింది. షోఫర్ కాదు, 'క్వాఫర్'. డ్రైవర్ కాదు, బార్బర్! మొదటినుంచీ ఆవిడకి తెలుస్తూనే ఉందట. ఎంతదూరం పోతానో చూద్దామని ఊరుకున్నారట. మైకు దగ్గరికి వంగి, మొహమాటం మానేసి, ఇంగ్లీషులో నిదానంగా అన్నారు. "మా నాన్న జన్మలో గాడిదని కూడా తోలలేదు. కానీ కారున్న నాన్న బాగున్నాడు."

హాలు నవ్వులతో దద్దరిల్లింది. కిందికి పారిపోబోతే నా మోచెయ్యి పట్టుకుని ఆపేశారు. ఇక నాకు తెలియని మాట వస్తే ఆవిడ అభినయించడం, నేను చెప్పడం. ఆ చెవి దెబ్బకి పోలీసులు షాపు మూయించేశారట. మూతపడ్డ షాపులోనే ఆవిడ మొదటి సినిమా తీశారట. కెమెరాని నాన్న తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టి గుండ్రంగా తిప్పారట. నటించడానికి ఎవరూ రాకపోతే అమ్మనే నిలబెట్టారట. చప్పట్లు ఆగలేదు. "చూసినవా? నేనే ఎక్కించిన!" అని అక్క అరుస్తూనే ఉంది.

ఇప్పుడు ఇర్వింగ్‌లో ఉద్యోగం. తెలియని మాట ఎదురైతే ఫోన్‌లో చూసుకున్నాకే నోరు విప్పుతాను. మీటింగ్‌లో "ఎవరు ముందుకొస్తారు?" అంటే తల దించుకుంటాను. తప్పులు బాగా తగ్గాయి. రాని భాషలో ఒక మహాతల్లి జీవితాన్ని గడగడా చెప్పేసిన ఆ పిల్ల ఎప్పుడైనా గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. నవ్వయ్యాక, కాస్త అసూయగా కూడా ఉంటుంది.