వదిన మాట మాత్రం వినపడేది

పోయిన నెల ఒక ఉదయం రేపల్లె నుంచి ఫోను వచ్చింది. మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, పోయారని. ఆవిడ రిటైరైన టీచరు. నెమ్మదైన మనిషి. ఆవిడ గురించి మంచే రాస్తాను. ఆవిడంటే నాకు కుళ్లు అన్న సంగతి వదిలేసి రాయడం మాత్రం నావల్ల కాదు.

అరవై దాటాక మా ఆయన వినికిడి వింతగా మారింది. ఇంట్లో మేమిద్దరమే ఉంటే పక్కగదిలో చెంచా పడినా వినపడేది. నలుగురు చేరితే చాలు, మాటలన్నీ కలిసిపోయి రొదయ్యేవి. "శబ్దం వినపడుతుందండి. గోలలోంచి మాటను విడదీసుకోవడమే తగ్గింది. వయసు మీద పడితే చాలామందికి వచ్చేదే" అన్నారు తెనాలిలో చెవుల డాక్టరు. మిషను పెట్టించాం. అది మాటతోపాటు గోలనూ పెంచింది. తీసి జేబులో వేసుకునేవారు.

అలా ఉండగా బాపట్లలో బంధువుల పెళ్లికి వెళ్లాం. ఒకపక్క బ్యాండు, ఒకపక్క మైకు. భోజనాల దగ్గర ఎవరో "ఎప్పుడొచ్చారు బాబాయ్?" అంటే ఈయన "పప్పు బాగుంది" అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"అరవకే, తల పగిలిపోతోంది" అన్నారు.

అప్పుడు వదిన వచ్చారు. ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, మామూలు గొంతుతోనే "ఏరా, మజ్జిగ పులుసు తిన్నావా?" అన్నారు.

"తిన్నానక్కా. నాన్న చేసినంత పుల్లగా లేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. మా మామగారు వంట చేసేవారని నాకు ఆ రోజే తెలిసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కట్టుకున్నదాన్ని, నేను అరిచినా అందని మాట ఆవిడ మామూలుగా అంటే ఎలా అందుతుంది?

తర్వాత ఆవిడ తెనాలి వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "మీ మాటొక్కటే ఎలా వినపడుద్ది వదినా ఆయనకి?"

"నాకూ వినపడదమ్మాయ్" అన్నారు నవ్వుతూ.

"ఏంటీ?"

"ఆ పెళ్లిలో నాకూ ఒక్క ముక్క అర్థం కాలా. అందుకేగా వాడి దగ్గర కూర్చుంది. నేను వాడి మొహం చూస్తా, వాడు నా మొహం చూస్తాడు. నువ్వేమో వంటింట్లోంచి మాట్లాడతావు. ఎదురుగా రా. ఎవరి గురించో ముందు చెప్పి, తర్వాత సంగతి చెప్పు. అరవమాక."

దాచుకోకుండా నేర్పారు. టిఫిన్ హోటల్‌కి వెళ్తే గోడవారగా ఉన్న బల్ల చూసేవారు. "తమ్ముడూ, ఆ టీవీ కాస్త తగ్గించవయ్యా" అని హోటలు కుర్రాణ్ణి మొహమాటం లేకుండా అడిగేవారు. ఆవిడ చెప్పినట్టే చేశాను. ఆయనకు నా మాట సగమైనా అందడం మొదలైంది. ఆ మేలు మరవలేను. అయినా కుళ్లు పోలేదు. చిన్నతనం ఎలాగూ వాళ్లిద్దరిదే. ఆఖరికి వినపడకపోవడంలోనూ వాళ్లిద్దరే జతా?

ఆవిడ పోయాక రేపల్లెలో వాళ్లింటి ముందు షామియానా వేశారు. జనరేటరు మోత, కీచుమనే మైకు. పాస్టరుగారు వదిన గురించి చెబుతున్నారు. మా ఆయన అటూ ఇటూ చూసి, చివరికి నా వైపు తిరిగారు. నేను పాస్టరుగారికి వీపు పెట్టి, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.

"అక్క గురించి. పాఠం రాని పిల్లల్ని ఎప్పుడూ కొట్టలేదంట."

"అవును."

"వాన వస్తే పిల్లల్ని ఇళ్లదాకా దిగబెట్టేదంట."

"అవునవును."

అంత జనంలో మా ఆయన నా మాట పొల్లు పోకుండా విన్నది ఆ రోజే. అదీ ఆవిడ గురించే.

పాస్టరుగారు ముగించి కూర్చున్నారు. పాట మొదలైంది. ఆయన నా పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"ఇంకా? అక్క గురించి ఇంకా ఏమంటున్నారు?"

నేను చెబుతూనే ఉన్నాను.