పడవ రాళ్ల అవతలి వలయం

ఏటా గాలివాటున సముద్రం దాటి మా అఖాతానికి వచ్చిపోయిన మకస్సర్ రేవు నావికుల పడవల బొమ్మలను మా పెద్దలు ఒడ్డున రాళ్లతో పేర్చిపెట్టారు. వాటికి కాస్త అవతల చిన్న రాళ్ల వలయం ఒకటుంది. దాన్ని బయటివాళ్లు చూడకూడదు. ఆ నేల మా పక్కింటి రారివుయ్ తండ్రిది. వానలు వెలిశాక అక్కడ గడ్డి పీకేది ఆమే. పీతలు పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు, నోరు కూడా పీత కొండి లాంటిదే.

మాలో నేల తండ్రి నుంచి వస్తుంది. దాని మీద చివరి మాట మాత్రం ఆ ఇంటి ఆడపడుచు కొడుకుది. రారివుయ్ అక్క చనిపోయింది, పోయినవాళ్ల పేరు మాలో పలకకూడదు. అక్క కొడుకు గాపాన్‌ను ఈమే పెంచింది. చివరి మాట చెప్పాల్సినవాడికి తెలియాలి గనక వలయాన్ని తనే చూపించింది.

ఆ మధ్య పురావస్తు శాఖ వాళ్లొచ్చారు. పడవ రాళ్లు కొలుచుకోమంది రారివుయ్. ఆమె తాత చెల్లెలు ఒక నావికుడి వెంట మకస్సర్ వెళ్లి అక్కడే పిల్లల్ని కన్నది. వలయం చూపిస్తే ఆ సంతతిని కలవడానికి తీసుకెళ్తామన్నారు. వాళ్లను చూడాలని చిన్నప్పటి నుంచి తపించిన మనిషి. అయినా ససేమిరా అంది. నేను పొంగిపోయాను.

తర్వాత పక్క అఖాతంలో ఎవరో పోతే కర్మకాండకు వెళ్లింది. మాలో అవి వారాల తరబడి సాగుతాయి. తిరిగొచ్చేసరికి వలయం చుట్టూ మేకులు, తాళ్లు. గాపాన్ మకస్సర్‌లో ఉన్నాడు.

వాడొచ్చాక కూర్చోమనైనా అనకుండా అడిగింది.

"అక్కడి మనవాళ్లు నా గురించి అడిగారా?"

"అడిగారు పిన్నమ్మా. ఎందుకు రాలేదన్నారు."

"ఏం చెప్పావు?"

"ఒంట్లో బాలేదని."

"నా ఒంటికేం రోగంరా? నిన్ను పెంచడమే నాకు పట్టిన రోగం!"

"సరేననాల్సింది నేనే కదా. తప్పేం చేశాను?"

తప్పేం లేదు, అదే నా కడుపుమంట. వాడు ఔనన్నాక మాలో ఎవరూ కాదనలేరు. ద్రోహాన్ని కూడా పద్ధతిగా చేశాడు వెధవ.

రారివుయ్ కుమిలి కుమిలి ఏడ్చింది. మర్నాడు ఇసుక తట్ట పట్టుకుని, వాణ్ణి ఎత్తుకు తిప్పిన మనిషి, వాడి ముందే తల వంచుకుని నిలబడింది.

"వలయాన్ని ఇసుకతో కప్పేస్తాను. నువ్వు సరేనంటేనే."

"ఇప్పుడొద్దులే పిన్నమ్మా. వానలు వెలిశాక మళ్లీ వస్తామన్నారు."

కన్నతండ్రి రాళ్ల మీద చెయ్యి వేయాలన్నా వాడి మాట కావాలి. ఆమె ఇసుకను అక్కడే ఒలకబోసి ఇంటికి వెళ్లిపోయింది.