కదిరికి పోయివచ్చిన మోటరు

ముదిగుబ్బలో ఒక లారీ సర్వీసు గోదాములో నేను గుమాస్తాగా పనిచేశాను. చదువు ఏడో తరగతితో ఆగింది. ఏ బండి ఏ పూటకు ఏ ఊరు చేరుతుందో లెక్కగట్టడం సొంతంగా నేర్చుకున్నాను.

అనంతపురం నుంచి కదిరికి పోయే లారీ మా గోదాము ముందు ఆగేది. తొందర సరుకుకు అనంతపురంలో ఎక్కించే హమాలీలు ఎర్రగుడ్డ పీలిక కట్టేవారు. పీలిక ఉంటే దారిలోనే దింపాలని అర్థం. మందుల డబ్బా కానీ, పెళ్ళిచీరల మూట కానీ, మనిషి ఏ మలుపులో నిలబడితే ఆ మలుపులోనే దింపేవారు. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. ఎనిమిదేళ్ళలో నేనెరిగి రెండుసార్లే పొరపాటు జరిగింది.

రెండువేల సంవత్సరం దాటాక సరుకు మారిపోయింది. ఎరువుల బస్తాలు తగ్గి షాంపూ పొట్లాలు, బిస్కెట్ పెట్టెలు, రంగుల టీవీలు పెరిగాయి. ప్రతి పల్లె అంగడికీ వారానికి రెండుసార్లు చిన్న చిన్న పెట్టెలు. వాటిని విడదీయడానికి యజమానులు కదిరిలో కంప్యూటరు పెట్టారు. పెట్టెకొక నంబరు చీటీ. ముదిగుబ్బ సరుకైనా ముందు కదిరికి పోయి వెనక్కి రావాలి. పీలికలు కట్టకూడదు. నంబర్లంటే నాకు ప్రాణం కాబట్టి ఈ ఏర్పాటును అందరికంటే ముందు మెచ్చుకున్నది నేనే.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఒక రైతు బోరుమోటరు కాలిపోయింది. మూడెకరాల శెనక్కాయ ఊడలు దిగే అదనులో ఉంది. రెండు రోజుల్లో ఒక తడి ఇవ్వకపోతే కాయ పట్టదు. అనంతపురంలో కొత్త మోటరు కొంటే బస్సుమీద వేయనివ్వలేదట. లారీకి వేయించి, తాను ముందే వచ్చి మా గోదాము దగ్గర నిలబడ్డాడు.

లారీ వచ్చింది. వెనక తలుపు తీస్తే ఎదురుగా మోటరు.

"అదేనన్నా నాది. డబ్బామీద నా పేరుండాది సూడు," అన్నాడు రైతు.

"పేరుండాదప్పా. దిగేది కదిరి అని కాగితంలో ఉండాది," అన్నాడు డ్రైవరు.

"నేనీడుండా, మోటరీడుండాది. అదేమన్నా కదిరి నరసింహస్వామికి మొక్కుకొనిందా, పోయి సూసుకొని వచ్చేకి?"

మా హమాలీలు నవ్వారు. డ్రైవరు నావైపు చూశాడు. "నువ్వు ఊ అంటే దింపేస్తానన్నా."

కాగితంలో లేని నంబరు దింపితే లెక్క తప్పుతుంది. "ఎల్లుండికి వస్తాదిలేప్పా," అన్నాను రైతుతో.

మోటరుకూ అతనికీ మధ్య మూడడుగులు. దాన్ని పోను రాను డెబ్బై కిలోమీటర్లు తిప్పడానికి నేను ఒప్పుకున్నాను. అతను వెనకాలే బస్సెక్కి కదిరికి పోయాడు. ముదిగుబ్బ సరుకు ముదిగుబ్బలోనే ఇస్తామని అక్కడివాళ్ళు తిప్పి పంపారు.

మోటరు నాలుగోరోజు వచ్చింది. మా లారీ సర్వీసు పెట్టుకున్న గడువు ఐదు రోజులు. అందువల్ల కంప్యూటరు కాగితంలో 'సకాలంలో చేరింది' అని పడింది. ఎవరి సకాలం? పంటకు ఎన్ని రోజుల గడువుందో అడిగే గడి ఆ తెరమీద ఎక్కడుంది? రేపు ఇంకా పెద్ద యంత్రాలు వస్తాయి. లారీ ఏ మలుపులో ఉందో ఇంట్లో కూర్చుని చూస్తారు, సబ్బుబిళ్ళ కూడా గడపలోకి వస్తుంది. రానీ. పెట్టెలో ఏముంది, దానికోసం ఎవరు నిలబడి ఉన్నారు అని అడగనిదాన్ని మాత్రం నేను లెక్క అనను.

మోటరును ఆటోలో వేసుకొని నేనే చేనికి పోయాను. చేను నిండా గొర్రెలు. రైతు గట్టుమీద కూర్చుని ఉన్నాడు.

"కాయ పట్టలేదన్నా. గొర్రెలన్నా తిననీ అని ఇడిసినా," అన్నాడు.

"మోటరు యాడ దింపల్ల?"

"దింపేదెందుకన్నా? ఇంగోసారి కదిరికి తోలుకపో."

ఆటోవాడూ నేనూ దాన్ని బోరు పక్కన దింపాం. అందినట్లు అతని సంతకం తీసుకోవాలి. జేబులోంచి కాగితం తీయడానికి నాకు చేయి రాలేదు.