వెచ్చబడేదాకా

కోరుట్లలో మెకానిక్ హబీబుద్దీన్ టూ స్ట్రోక్ బండిని ఎన్నడూ తొందరపెట్టడు. కిక్ రాడ్‌ను కాలితో మెల్లగా నొక్కి, బిగువు తగిలిన చోట ఆగి, అప్పుడు ఒక్క తన్ను తంతాడు. స్టార్టయ్యాక ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి, అది వెచ్చబడేదాకా ఎవరినీ రేస్ ఇవ్వనివ్వడు. తెలంగాణ కోసం రాస్తారోకో చేసిన రోజు, పోలీసులు తరుముతుంటే ఆ గుంపులోని కుర్రాడు మనోహర్, రిపేరుకిచ్చిన తన బండి కోసం షాపులోకి ఉరికొచ్చాడు. "జల్ది ఇయ్యి చాచా!" హబీబుద్దీన్ స్టార్ట్ చేశాడు గానీ హ్యాండిల్ వదల్లేదు. "ఆగు బేటా, ఇంజన్ చల్లగుంది. గిప్పుడే రేస్ ఇస్తే పిస్టన్ పట్టేస్తది." అది వెచ్చబడేలోపే లాఠీలు వచ్చాయి.

ఇప్పుడు హబీబుద్దీన్ రోజూ పొద్దున్నే మనోహర్ ఇంటికెళ్లి ఆ బండి స్టార్ట్ చేస్తాడు. ఒక్క కిక్‌కే అందుకుంటుంది. ఆ లాఠీ దెబ్బలకు ఇక వంగని కుడికాలు బారజాపి గడపలో కూర్చున్న మనోహర్ అడుగుతాడు: "వెచ్చగైందా చాచా?" ఇంజన్ మీద పెట్టిన అరచెయ్యి చురుక్కుమంటున్నా హబీబుద్దీన్ తియ్యడు.