పిక్క తియ్యని జీడిపండు

నా చిన్నప్పుడు మా ఉద్దానం బడిలో చదువంటే గొంతే. ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా చదివినట్టు. ఆ లెక్కన నాలుగో తరగతిలో నేనే మొదటిదాన్ని. పాఠం అందుకుంటే గుక్క తిప్పుకోకుండా చివరిదాకా లాగేసేదాన్ని. మా మాస్టారు మురిసిపోయేవారు.

ఒకరోజు టెక్కలి నుంచి పెద్దసారు తనిఖీకి వచ్చారు. నేను గడగడా చదివాను. ఆయన పుస్తకం మూసి, ఆ పాఠంలో ఏం జరిగిందో చెప్పమన్నారు. నాకు ఒక్క ముక్క తెలియదు. ఆయన అటు వెళ్ళగానే మాస్టారు నాచేత గోడకుర్చీ వేయించి, అందరి ముందూ మొద్దు అన్నారు. అంతటితో ఊరుకున్నారా? దీనికి చదువు అబ్బదు, మాన్పించెయ్యండి అని నాన్నకూ చెప్పారు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఒక్కనాడైనా అర్థం అడిగారా? అరవమన్నదీ ఆయనే, మొద్దు అన్నదీ ఆయనే!

నాన్నకు చదువు రాదు. మాస్టారి మాటే వేదం. వేసవి సెలవులయ్యాక నన్ను అమ్మతోపాటు జీడిపిక్కలు కొట్టే పనికి పంపుతానన్నాడు. పక్కింటి అక్క అప్పుడు టెక్కలి కాలేజీలో ఇంటర్ చదివేది. ఆమె వచ్చి నాన్నకు అడ్డం పడింది.

"బడి తీసేదాకా ఆగు సిన్నాన్నా. దీని సంగతి నేను సూత్తాను."

జీడితోటలో పిల్లలందరికీ ఆట పెట్టింది. తలా ఒక చీటీ ఇచ్చేది. అందులో ఏముంటే అది చెయ్యాలి, చదివేటప్పుడు గొంతు వినిపిస్తే ఔట్. చీటీ విప్పగానే అరిచేది నేనే, మొదట ఔటయ్యేదీ నేనే. నోరు మూసుకుని చదవడం వచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఒక పూట నా చీటీలో, రాలిన పండొకటి పిక్క తియ్యకుండా తెచ్చి ఇమ్మని రాసింది. పరుగెత్తాను. మా వైపు పండు పిల్లలది, పిక్క తోటవాళ్ళది. పండు అందగానే దాని కొసన వేలాడే పిక్క మెలితిప్పడం మా చేతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిక్క గోనెలో వేసి, ఉత్త పండు పట్టుకెళ్ళి అక్క చేతిలో పెట్టాను.

"ఏటి రాసినాను, ఏటి తెచ్చినావే? సూసినావు గానీ సదివినావేటి?" అంది.

అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చి పండు ఆమె మీదకే విసిరాను. జీడిమరక ఎంత ఉతికినా పోదని తెలిసే విసిరాను. అమ్మయితే వీపు విమానం మోత మోగించేది. అక్క ఓణీ దులుపుకుని అదే చీటీ మళ్ళీ ఇచ్చింది. ఈసారి పండు ఏరాక చెయ్యి పిక్క మీదకు పోయింది, చీటీలో మాట గుర్తొచ్చి ఆగింది. ఓహో, చదవడమంటే ఇదా! ఇంత చిన్న సంగతి బడిలో ఎవరూ చెప్పనందుకు ఇంకా మండిపోయింది.

బడి తీసే ముందురోజు నాన్న పకోడీల పొట్లం కట్టిన పేపరుముక్క నా ముందు పెట్టాడు.

"అరవకు. ఏటుందో సెప్పు."

తప్పిపోయిన ఆవును వెతుకుతూ రైలు కట్ట వెంట బయలుదేరిన ఒక ముసలమ్మ కథ అది. మనసులో చదువుకుని నా మాటల్లో చెప్పాను. సగంలో కాగితం చిరిగిపోయి ఉంది. ఆగాను.

"తరవాతేటయిందే?" అన్నాడు నాన్న.

తెలియదన్నాను. ఆవు దొరికిందో లేదో తేలక ఆ పూటంతా విసుక్కుంటూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే తనే నన్ను బడికి దిగబెట్టాడు.

ఇప్పుడు మా అమ్మాయికి చదువు చెప్పే టీచరమ్మ, మీ పాప గడగడా చదివేస్తుందండీ అని మెచ్చుకుంటే నేను పొంగిపోను. ఏం అర్థమైందో అడగండి అంటాను. ఆవిడకు కోపం వస్తుంది. రానీండి. నా కోపం అంతకంటే పాతది.