ఎండాకాలం పొగమంచు

మా పక్కింటావిడ కుట్టు మిషన్ల మెకానిక్కు. నెలకోసారి ఆరువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళి మిషన్లు బాగుచేసి రావాలి. రైల్లో పది గంటల ప్రయాణం. పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేది. మర్నాడు పని, ఆ మర్నాడు తిరుగు రైలు. ఇంట్లో అందరూ "పాపం" అనేవారు. ఆమె కాదనేది కాదు.

నిజానికి ఆమెకు దక్కే సెలవల్లా ఆ రైలే. కిటికీ పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, "నా సాక్సెక్కడ" అనేవాళ్ళు లేరు, "నా కళ్ళజోడు చూశావా" అనేవాళ్ళు లేరు. హాయిగా నిద్రపోయేది.

ఒకసారి ఆమె కంపెనీ మేనేజరు పెద్ద మనసు చేసుకుని విమానం టికెట్టు తీశాడు.

"యాభై నిమిషాలేనమ్మా. పొద్దున వెళ్ళి రాత్రికి ఇంట్లో ఉంటారు."

భర్త ఆ యాభై నిమిషాల సంగతి వీధంతా చెప్పుకొచ్చాడు. అత్తగారు మాత్రం, "అయితే రాత్రి వంటకి వచ్చేస్తుందన్నమాట" అని ఊరుకుంది.

విమానాశ్రయం ఊరి చివర కాదు, పక్క ఊరి చివర ఉంది. అక్కడ స్క్రూడ్రైవర్ల సంచి ఆపేశారు. ఏది దేనికో వివరించేసరికి ఆమె గొంతు ఎండిపోయింది. గాల్లోకి లేచాక కునుకు పట్టబోతుంటే చేతిలో శాండ్‌విచ్ పెట్టారు. అది తినేలోపే దిగాలన్నారు. రాత్రి ఇంటికొచ్చి వంట చేస్తూ కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. భర్త చెంబెడు నీళ్ళు తాగి, "ఎంత సుఖం, ఒక్క రోజులో అయిపోయింది" అన్నాడు.

మరుసటి నెల ఆమె మేనేజరు దగ్గరికి వెళ్ళి, సామానుతో విమానం కుదరదని చెప్పి రైలు టికెట్టు తీయించుకుంది. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. రైలెక్కాక తనే ఫోన్ చేసింది.

"విమానం ఆగిపోయిందండీ. పొగమంచట. రావడానికి రెండు రోజులు పట్టేలా ఉంది."

"ఈ ఎండల్లో పొగమంచేంటి?"

"కింద కాదు, పైన."

ఆయన కాసేపు ఆలోచించి, పైన ఉంటే ఉండొచ్చులే అనుకుని ఫోను తల్లికిచ్చాడు. సరిగ్గా అప్పుడే రైలు వంతెన మీద దడదడలాడింది. పక్కనే ఎవరో "టీ, టీ" అని అరిచారు. అత్తగారు అంతా విని, "సరే, జాగ్రత్త" అని పెట్టేసింది.

కోడలు తిరిగొచ్చిన రోజు వంటింట్లో అడిగింది. "ఆ విమానం ఏ స్టేషన్లో ఎక్కావే?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆయనకి చెప్పారా అత్తయ్యా?"

"వాడికెందుకు? పడుకోనిస్తారా అందులో?"

"పది గంటలూ పడుకోవచ్చు."

"వచ్చే నెల నాకూ ఒకటి తీయించు."

తల్లి కూడా వెళ్తుందని విని కొడుకు కంగారుపడ్డాడు. "ఈ మోకాళ్ళతో విమానం ఎలా ఎక్కుతావమ్మా?"

"ఎంతసేపురా, యాభై నిమిషాలేగా" అందావిడ.

అలా ఇద్దరూ రైలెక్కారు. కింది బెర్తు పెద్దావిడకిచ్చింది కోడలు. మొదటి స్టేషను రాకముందే అత్తగారి గురక మొదలైంది. ఎదుటి సీటాయన దుప్పటి తీసుకుని వేరే పెట్టెలోకి వెళ్ళిపోయాడు. కోడలు చెవుల్లో దూది పెట్టుకుంది, కొంగు చుట్టుకుంది. కన్ను మూతపడితే ఒట్టు.

మధ్యాహ్నం దాటాక పెద్దావిడ ఒక కన్ను తెరిచింది.

"వచ్చేశామా?"

"ఇంకా నాలుగు గంటలుంది అత్తయ్యా."

"హమ్మయ్య" అని అటు తిరిగి పడుకుంది.