మగ్గం మీది తువ్వాలు

పెడన నేతగాడు వీరభద్రయ్య చెయ్యి మంచిది, కడుపులోనే మంట. ఎదుటివాడి నేతను ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ ఎదుటివాడు సొంత తమ్ముడు రామలింగమైతే మరీను. అన్న దగ్గరే పని నేర్చిన వాడు, ఇప్పుడేమో ఊరంతా "చిన్నాడి అంచు చూశారా" అనడమే!

చౌడేశ్వరీదేవి ఉత్సవానికి ఏటా చీర నేసి ఇవ్వడం ఆ ఇంటి హక్కు. తండ్రి పోయాక ఆ చీర వీరభద్రయ్యే నేసేవాడు. యుద్ధం సాగుతున్న ఆ ఏడు, చీర సగంలో ఉండగా ఆయన రెండు కళ్ళూ ఎర్రబడి పోట్లు పెట్టాయి. బెజవాడ డాక్టరు లోపల వాపని చుక్కల మందిచ్చాడు. దాంతో కంటిపాపలు విచ్చుకుని అలాగే ఉండిపోయాయి. దూరాన తాటిచెట్టు కనిపిస్తోంది గానీ చేతిలో దారం కనిపించడం లేదు.

"నేను కూర్చుంటానన్నయ్యా, ఉత్సవం దగ్గరికొచ్చేసింది," అన్నాడు రామలింగం.

"నేను పోయాక కూర్చుందువుగానిలే!"

అన్నాడు సరే, ఏం నేస్తాడు? పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. లేవాల్సి వస్తే కూర్చునే పలక మీద తువ్వాలు పరిచి మరీ లేచేవాడు. తమ్ముడు దాన్ని తీసే సాహసం చెయ్యలేదు.

"అమ్మవారికి ఈ ఏడు పాత చీరే కడతారేమో, కనుక్కు రండి," అంది భార్య సుబ్బరత్నం.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజూ తువ్వాలు పరిచే బయల్దేరాడు. రైల్లో బెంచీ మీద ఎవడిదో తువ్వాలు. మనిషి జాడ లేదు. వాణ్ణి తిట్టుకుంటూ బెజవాడ దాకా నిలబడే వెళ్ళాడు, డాక్టరుతోనూ ముందు అదే మొరపెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు: "ఈ కంటిపాప ముడుచుకోదేమండీ?"

డాక్టరు నవ్వాడు. "నరం చివర ఒక రసం ఊరుతుందయ్యా. కండరంలో దానికి సరిగ్గా అమరే చోటుంటుంది. రసం అందులో కూర్చుంటేనే కండరం కదిలి పాప ముడుచుకునేది. నా మందుకీ ఆ చోటే సరిపోతుంది. ముందే పోయి కూర్చుంటుంది, పని మాత్రం పుట్టించదు. నీ రైల్లో తువ్వాలే అనుకో. అది ప్రయాణం చెయ్యదు, చేసేవాణ్ణి కూర్చోనివ్వదు. నీ కంటికి ఇప్పుడు ఆ విశ్రాంతి కావాలి."

వీరభద్రయ్య చెయ్యి తువ్వాలు లేని భుజం మీదికి పోయింది.

"మెదడులోనూ ఇలాంటి చోట్లున్నాయని కొందరంటున్నారు, ఇంకా తేలలేదు. ఉమ్మెత్త గింజల్లోనూ ఈ మందు సరుకుంది. తిన్నవాడికి మతి పోయేది అందుకేనేమో."

ఇంటికొచ్చేసరికి తువ్వాలు పరిచింది పరిచినట్టే ఉంది. పక్కనే గోడకి చేరబడి రామలింగం ఖాళీ చేతులతో కూర్చున్నాడు. ఏ గింజా తినకుండానే తనకు మతి పోయిందని వీరభద్రయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"కూర్చో."

మగ్గం చప్పుడు మొదలయ్యేసరికి కడుపు భగ్గుమంది. వినలేక వీధిలోకి పోయాడు.

ఉత్సవం నాటికి మందు ఆపేశారు, చూపు కుదుటపడింది. చీరను వెలుగులోకి తెచ్చి, తన నేత ఆగి తమ్ముడి నేత మొదలైన చోటు కోసం అంగుళం అంగుళం వెతికాడు. ఒక్క లోపమైనా దొరక్కపోతుందా అనే ఆశ. దొరకలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

గుళ్ళో పూజారి చీర అందుకుంటూ, "ఈ ఏడూ చెయ్యి నీదేగా వీరభద్రయ్యా?" అన్నాడు.

అవునంటే సరిపోయేది. రామలింగం తల దించుకుని నిలబడ్డాడు, వాడు నోరెత్తడు.

"సగమే నాదండీ," అన్నాడు వీరభద్రయ్య. "ఏ సగమో మాత్రం నన్నడక్కండి."